బొమ్మిడాయికి ఆరడుగుల అక్వేరియం: ఇసుక నుంచి మొదలుపెట్టండి

బొమ్మిడాయి అనగానే మన దగ్గర చాలామందికి పులుసు గుర్తుకొస్తుంది. నాకూ చాలా ఏళ్లు అంతే. ఒకరోజు నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం కట్ట మీద, చేపలు పట్టే ఒక పెద్దాయన బకెట్లో బతికున్న బొమ్మిడాయిని చూశాను. బకెట్ అడుగున కాస్త ఒండ్రు ఉంది. ఆ చేప తల కిందికి పెట్టి, ఒళ్లు మెలితిప్పుతూ నేను చూస్తుండగానే ఒండ్రులోకి దిగిపోయింది. ముక్కు కొన ఒక్కటే బయట మిగిలింది. "గిది రాత్రి చేప బిడ్డా, పొద్దంత మట్టిల్నే ఉంటది" అన్నాడాయన.

తర్వాత నేను తొట్టి కట్టించుకున్నప్పుడు ప్రతి పనిలోనూ ఆ మాటే దారి చూపించింది. మామూలుగా అక్వేరియం పెట్టేవాళ్లు గాజు, లైటు, ఫిల్టరు అన్నీ ఎంచుకున్నాక చివర్లో అడుగున ఏవో రంగు రాళ్లు పోస్తారు. బొమ్మిడాయి విషయంలో ఆ వరుస తిరగేయాలి. ముందు ఇసుక సంగతి తేల్చుకొని, మిగతావన్నీ దాన్నిబట్టి నిర్ణయించాలి.

ముందు ఏ బొమ్మిడాయో తేల్చుకోండి

పాములా పొడుగ్గా ఉంటుంది కాబట్టి దీన్ని మలుగుపాముతో కలిపేస్తుంటారు. రెండూ వేరు. మలుగుపాము అసలైన ఈల్ జాతి. బొమ్మిడాయి స్పైనీ ఈల్, అంటే ముళ్ల ఈల్. వీపు మీద రెక్క మొదలయ్యే ముందు పొట్టి ముళ్లు విడివిడిగా వరుసగా ఉంటాయి. కదిలించినప్పుడు అవి లేచి నిలబడతాయి, చేతికి గుచ్చుకుంటాయి. ముక్కు కొన సాగి ఉంటుంది, దాంతోనే ఇసుకలో వెతుక్కుంటుంది.

మన నదుల్లో, చెరువుల్లో దొరికే వాటిలో పెద్దది మాస్టాసెంబెలస్ ఆర్మాటస్. ఒంటి మీద టైరు అచ్చులాంటి వంకర గీతలు ఉంటాయి కాబట్టి షాపుల్లో టైర్ ట్రాక్ ఈల్ అంటారు. ప్రకృతిలో ఇది గరిష్ఠంగా 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తొట్టిలో కూడా రెండడుగులు దాటగలదు. చిన్న జాతుల్లో మాక్రోగ్నాథస్ పంకాలస్ జానెడు లోపే ఆగిపోతుంది. మాక్రోగ్నాథస్ ఆరల్ దానికన్నా కొంచెం పెద్దది, వీపు రెక్క అడుగు వెంట కళ్లలాంటి గుండ్రటి మచ్చలు ఉంటాయి. ఎర్ర గీతలతో మెరిసే ఫైర్ ఈల్ ఆగ్నేయాసియా చేప. అది మీటరు పొడవు దాకా రాగలదు.

షాపులో వేలెడంత పిల్లను చూసి రెండడుగుల తొట్టి కొంటే మోసపోయేది ఆ చేపే. బాగా చూసుకుంటే ఇది పదేళ్లు దాటి బతుకుతుంది. పెద్దయ్యాక మారుద్దాంలే అనుకున్న తొట్టి చాలా ఇళ్లలో ఎప్పటికీ మారదు. ఆర్మాటస్ కావాలంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టికి సిద్ధపడండి. అంత చోటు లేకపోతే నాలుగడుగుల తొట్టిలో పంకాలస్ పెంచుకోండి, అది కూడా చూడముచ్చటగా ఉంటుంది. ఏ జాతికైనా ఎత్తు కన్నా నేల వైశాల్యం ముఖ్యం. ఈ చేప బతుకంతా నేల మీదే గడుస్తుంది.

తొట్టి, దాని బరువు

ఆరడుగుల తొట్టి లోపలి కొలత 24 ఘనపుటడుగులు, అంటే దాదాపు 680 లీటర్లు. ఇసుక, పైన వదిలే ఖాళీ పోను 530 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. 12 మిల్లీమీటర్ల గాజుతో కట్టిస్తే ఖాళీ తొట్టే 120 కిలోలకు పైగా తూగుతుంది. మూడంగుళాల ఇసుక మరో 135 కిలోలు. స్టాండు, రాళ్లు కలిపితే మొత్తం 900 కిలోల దాకా వెళ్తుంది. ఈ బరువంతా 12 చదరపుటడుగుల మీద పడుతుంది. మామూలు ఇంటి స్లాబుకు ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 200 కిలోలు. మన తొట్టి దానికి దాదాపు నాలుగు రెట్లు మోపుతుంది. అందుకే కింది అంతస్తే మంచిది. మేడ మీదే పెట్టాలంటే ఇల్లు కట్టిన మేస్త్రీ మాట సరిపోదు, బీము ఎక్కడుందో తెలిసిన ఇంజనీరుకు చూపించండి.

స్టాండుకు ఇనుప స్క్వేర్ పైపు, దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఆపైన తొట్టికి కింద ఒక థర్మాకోల్ షీటు. తాండూరు బండల నేల చూడటానికి చదునుగా ఉన్నా బండకూ బండకూ ఎత్తు తేడా ఉంటుంది. మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపుతో నాలుగు మూలలూ చూసుకోండి. వాలు ఉంటే స్టాండు కాళ్ల కింద సరిచేయాలి. తొట్టికి, ప్లైవుడ్‌కు మధ్య ముక్కలు దూర్చకూడదు, గాజు పగులుతుంది.

అతికించే సిలికాన్ అక్వేరియంకు పనికొచ్చేదై ఉండాలి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ చేపలకు విషం. అతికించిన వారం తర్వాత నీళ్లు నింపి రెండు మూడు రోజులు గమనించండి. ఆ పని ముందే ఆరుబయట చేస్తే లీకు ఉన్నా ఇల్లు తడవదు.

ఇసుక

ఇక్కడ తొందర పడొద్దు. బొమ్మిడాయి పొలుసులు చాలా చిన్నవి, చర్మం సున్నితం. అది రోజూ ఒళ్లంతా ఇసుకలో దూర్చుకుంటుంది. ఇసుక రేణువుకు అంచులుంటే రోజూ గీరుకుంటుంది, ఆ గీతల్లో బ్యాక్టీరియా, ఫంగస్ చేరతాయి. ఇప్పుడు మన ఊళ్లలో ఇళ్ల పనికి ఎక్కువగా దొరికేది రోబో ఇసుక. అది గ్రానైటును మరలో నలగ్గొట్టి చేసింది, ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి. నా స్నేహితుడు అది తెలియక పోశాడు. నెల తిరగకుండానే చేప పొట్ట కింద ఎర్రటి మచ్చలు వచ్చాయి. ఇసుక మార్చాకే అవి మానాయి. రంగు రాళ్లు, గులకలు కూడా వద్దు. వాటిలో దూరలేక చేప మూలన బిక్కుబిక్కుమంటూ తిరుగుతుంది, తిండి మానేస్తుంది.

కావలసింది నీటి ఒరిపిడికి గుండ్రబడిన ఏటి ఇసుక. దొడ్డు ఇసుక కాకుండా ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక అడగండి. గుప్పిట్లోకి తీసుకొని గట్టిగా నలపండి. అరచేయి గీరుకుపోకూడదు. మూసీ ఇసుక తీసుకోకండి. హైదరాబాద్ మురుగునీరు, ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసుకొచ్చిన నది అది.

తర్వాత సున్నం పరీక్ష. మన నేలల్లో సుద్ద గులకలు ఎక్కువ, అవి ఇసుకలో కలిసి వస్తాయి. ఒక గిన్నెలో గుప్పెడు పొడి ఇసుక వేసి వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే దానిలో సున్నం ఉన్నట్టు. అది నెలల తరబడి కరుగుతూ నీటి కాఠిన్యాన్ని, పీహెచ్‌ను పెంచుతూ పోతుంది. అలాంటి ఇసుక వాడొద్దు.

మంచిదైతే దోమల జాలీతో జల్లెడ పట్టి, జాలీలో మిగిలిన రాళ్లు పారేయండి. ఆ తర్వాత కడగడం. బకెట్లో మూడో వంతు ఇసుక వేసి, పైపు అడుగు దాకా దూర్చి, చేత్తో కలుపుతూ నీళ్లు పొర్లనివ్వాలి. మొదటిసారి వచ్చే నీరు టీ రంగులో ఉంటుంది. తేటపడేదాకా కడగాలి. 135 కిలోలకు నాకు రెండు ఆదివారాలు పట్టింది.

పెద్ద రాళ్లు పెట్టాలనుకుంటే ఇసుక పోయకముందే అడుగు గాజు మీద, పలుచటి షీటు పరిచి, కదలకుండా కూర్చోబెట్టండి. ఇసుక మీద పెట్టిన రాయి కిందికి బొమ్మిడాయి దూరి తవ్వుతుంది. రాయి ఒరిగి దాని మీదే పడుతుంది. మన గుట్టల గ్రానైటు గుండ్లు నిశ్చింతగా వాడొచ్చు. షాబాద్, తాండూరు బండ ముక్కలు, నాపరాళ్లు సున్నపురాయి జాతి కాబట్టి తొట్టిలోకి రానివ్వకండి. రాళ్ల తర్వాత ఇసుకను ముందువైపు రెండంగుళాలు, వెనకవైపు నాలుగంగుళాల మందాన పరచండి.

దాక్కునే చోటు

రెండంగుళాలు, మూడంగుళాల పీవీసీ పైపులు అడుగున్నర పొడవున కోసి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, సగం ఇసుకలో పాతిపెట్టండి. చేపకు ఒకటి చొప్పున కాకుండా ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. ఇసుకలో నాటిన మొక్కలు నిలవవు, రాత్రికి రాత్రే పైకి తేలతాయి. జావా ఫెర్న్, అనుబియాస్ లాంటివి కర్రకో రాయికో దారంతో కడితే బతుకుతాయి. లైటు తక్కువ ఉంచండి. వెలుతురు తగ్గితే చేప ఎక్కువసేపు బయటికి వస్తుంది.

మూత

నా మొదటి బొమ్మిడాయి పోయింది నా మూత వల్లే. ఫిల్టరు పైపు కోసం మూలన అంగుళం కన్నా కాస్త పెద్ద సందు వదిలాను. తెల్లారి చూస్తే తలుపు దగ్గర ఎండిపోయి ఉంది. తల పట్టే సందు ఉంటే ఒళ్లు మొత్తం పడుతుందని ఆ రోజే తెలిసింది. ఆ తప్పు మీరు చేయకండి.

తొట్టి పైభాగం అంగుళం కూడా వదలకుండా మూయాలి. పైపులు, వైర్లు వెళ్లే చోట స్పాంజ్ ముక్కలు బిగించి కూరండి. మూతను ఇది ముక్కుతో ఎత్తగలదు, కాబట్టి క్లిప్పులో బరువో పెట్టండి. నేను మూతలో సగం గాజు, సగం అల్యూమినియం ఫ్రేములో బిగించిన స్టీలు జాలీ పెట్టించాను. కిటికీలకు జాలీలు చేసేవాళ్లే చేసిచ్చారు. ఆ జాలీ ఎందుకో ఎండాకాలం వస్తే తెలుస్తుంది.

వేడి, కరెంటు, ఫిల్టరు

ఈ చేపకు 24 నుంచి 28 డిగ్రీల నీరు హాయి. నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఇంట్లో ఉన్న తొట్టి నీళ్లు కూడా 32 దాటతాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే నీరు, 32 దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటుంది. జాలీ మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కుండ నీళ్లు చల్లబడే పద్ధతే ఇదీ. గాలి పొడిగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది, వానాకాలం ఉక్కలో అంతగా చేయదు. ఫ్యాను పెట్టినన్ని రోజులు నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే తగ్గిన మేరకు ఆర్వో నీళ్లు పోయండి.

చలికాలం రాత్రులకు 300 వాట్ల హీటర్లు రెండు పెట్టండి. వాటికి ప్లాస్టిక్ గార్డు తప్పనిసరి. వెచ్చగా ఉందని ఈ చేప హీటరును చుట్టుకొని పడుకుంటుంది, చర్మం కాలిపోతుంది.

ఫిల్టరు గంటకు తొట్టి నీటిని అయిదు సార్లు తిప్పాలి. మనకు గంటకు 3,000 లీటర్ల పంపు కావాలి. బయట పెట్టే మూత డబ్బా ఫిల్టరు (క్యానిస్టర్) అయినా, స్టాండు కింద విడిగా ఫిల్టరు తొట్టి (సంపు) కట్టినా ఫర్వాలేదు. నీరు పీల్చే చోటికి స్పాంజ్, సంపుకు దిగే చోటికి సన్న జాలీ తప్పకుండా బిగించండి, లేకపోతే చేప సంపులో తేలుతుంది. కరెంటు పోతే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకుంటే రాత్రిపూట టెన్షన్ ఉండదు. ఇన్వర్టరు ఉన్నవాళ్లు ఎయిర్ పంపును దానికే కలుపుకోవచ్చు.

నీళ్లు

మన ప్రాంతంలో ఇది పెద్ద ప్రశ్న. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత గోస పెట్టిందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని భారతీయ ప్రమాణం. ఆ హద్దు దాటిన బోరు నీటిని నేను చేపలకూ వాడను. ఫ్లోరైడ్ తక్కువున్న బోర్లలో కూడా కాఠిన్యం, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ఎక్కువే ఉంటాయి. బొమ్మిడాయికి పీహెచ్ 6.5 నుంచి 7.5, కాఠిన్యం 100 నుంచి 250 పీపీఎం మధ్య బాగుంటుంది.

నేను వాడేది మిషన్ భగీరథ నీళ్లు. మన నల్లగొండ వైపు వచ్చేది చాలావరకు కృష్ణ నీరే. ఆ నదిలో పుట్టి పెరిగే చేపకు అది పరాయి నీరు కాదు. ఒక్క జాగ్రత్త: అందులో క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది, ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియానూ చంపేస్తుంది. డ్రమ్ముల్లో పట్టి, ఎయిర్ పంపు గొట్టానికి తగిలించిన ఎయిర్ రాయి వేసి 24 గంటలు ఉంచండి. తొందరైతే డీక్లోరినేటర్ సీసా మీద రాసిన కొలతలో కలపండి. బోరు తప్ప దిక్కు లేనివాళ్లు సగానికి సగం ఆర్వో నీరు కలిపి, టీడీఎస్ మీటరుతో చూసి, ప్రతిసారీ అదే పాళ్లలో వాడాలి. పాళ్లు మాటిమాటికీ మారితే చేప తట్టుకోలేదు.

చేప లేకుండా నెలన్నర

నీళ్లు నింపి, ఫిల్టరు వేసిన వెంటనే చేపను తేకండి. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. చుక్కల టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు చూడండి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నా అయి, నైట్రేట్ కనిపించిన రోజు తొట్టి సిద్ధమైనట్టు. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టి నుంచి పాత ఫిల్టరు స్పాంజ్ ఒకటి తెచ్చి పెడితే పని సగంలో అవుతుంది. పీహెచ్, వేడి ఎక్కువున్న నీటిలో అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. ఎండాకాలం బోరు నీళ్లతో మొదలుపెట్టేవాళ్లు ఇది మరవొద్దు.

చేపను తెచ్చుకోవడం

షాపులో కొన్నా, జాలరుల దగ్గర తీసుకున్నా మూడు విషయాలు చూడండి. వీపు కత్తి అంచులా సన్నబడి, పొట్ట లోపలికి పోయి ఉంటే కడుపులో పురుగులున్నట్టు, లేదా చాలాకాలంగా తినలేదన్నట్టు. ముక్కు కొన చితికి ఉండకూడదు. ఒంటి మీద తెల్లటి దూదిలాంటి మచ్చలు ఉండకూడదు. షాపువాళ్లను మేత వేసి చూపించమని అడగండి, తింటేనే తీసుకోండి.

నాగార్జునసాగర్, జూరాల, సోమశిల దగ్గర జాలరులను అడిగితే బతికున్నది దొరకొచ్చు. గాలానికి పడ్డది వద్దు, లోపల గాయమై ఉంటుంది. బుట్టలో చిక్కినది అడగండి. వానలు పడగానే ఇవి గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో తీసుకోకపోవడం న్యాయం.

కొత్త చేపను మూత ఉన్న 70 లీటర్ల టబ్బులో, ఇసుక, పైపు, స్పాంజ్ ఫిల్టరు పెట్టి మూడు నాలుగు వారాలు విడిగా ఉంచండి. జబ్బు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. మందులు వాడాల్సి వస్తే జాగ్రత్త. రాగి కలిసిన మందులు, మలకైట్ గ్రీన్ దీనికి పడవు. తెల్ల చుక్కల జబ్బుకు (వైట్ స్పాట్) ముందు నీటి వేడిని రోజుకో డిగ్రీ చొప్పున 30కి పెంచి, గాలి ఎక్కువ పట్టించి చూడండి.

దీన్ని వలతో పట్టకండి, ముళ్లు వలలో ఇరుక్కుంటాయి. అది దూరిన పైపుకు రెండు చివరలా అరచేతులు అడ్డుపెట్టి, పైపుతో సహా ఎత్తి మార్చండి.

తోడు చేపలు

ఆర్మాటస్ తొట్టికి ఒక్కటే. పెద్దయ్యాక తన జాతిదాన్నే రానివ్వదు. పంకాలస్, ఆరల్ అయితే మూడు నాలుగు కలిసి ఉంటాయి. గప్పీలు, చిన్న పరకపిల్లలు రాత్రికి దాని మేత అవుతాయి. అరచేయంత పెద్ద పరిగెలు, పెద్ద బార్బులు సరిపోతాయి. కొట్లాడే సిక్లిడ్లు, ఒంటి జిగురును పీల్చే ప్లెకోలు వద్దు. ఫైర్ ఈల్ లాంటి బయటి చేపను పెంచలేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి, మన చెరువుల్లో మాత్రం వదలొద్దు.

మేత

గుళికల మేత చాలావరకు ముట్టదు. ఎర్రలంటే ప్రాణం. గాలాలకు వాడే ఆ వానపాములే. పత్తి చేల గట్ల నుంచి, వరి మడుల నుంచి తవ్వి తేకండి, పురుగుమందులు ఉంటాయి. పెరట్లో మందు కొట్టని తడి నేలలో తవ్వుకోండి. వర్మీ కంపోస్టు గుంటల్లోని కొన్ని ఎర్ర వానపాములు చేదు ద్రవం వదులుతాయి, చేప నోట్లో పెట్టుకొని ఉమ్మేస్తుంది. తెచ్చిన ఎర్రలను ఒకరోజు తడి గుడ్డలో ఉంచితే వాటి కడుపులోని మట్టి పోతుంది. ఒలిచిన రొయ్య ముక్కలు, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ మార్చి మార్చి వేయండి. ఒక్క రొయ్యల మీదే నెలల తరబడి ఉంచితే బీ1 విటమిన్ తగ్గుతుంది. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారానికి మూడుసార్లు చాలు.

లైటు తీసేసిన అరగంటకు వేయాలి. వారానికోసారి 150 లీటర్ల నీరు మార్చేది కూడా మేత లేని రోజు పగలు పెట్టుకోండి. అప్పుడే ఇసుక పైపొరను వేళ్లతో మెల్లగా కదిపితే అడుగున చెడు గాలి చేరదు. చేప ఎక్కడుందో ముందు చూసుకోండి. తీసిన నీళ్లు మొక్కలకు మంచి ఎరువు.

మొదటి వారం, పది రోజులు అది మీకు కనిపించకపోవచ్చు. ఇసుక తవ్వి వెతకకండి. రోజూ ఒకే వేళకు, ఒకే మూలన, పొడవాటి పటకారుతో ఒక ఎర్రను పైపు ముందు పట్టుకొని కాసేపు కూర్చోండి. నా రెండో బొమ్మిడాయి పదకొండో రాత్రి ముక్కు బయటపెట్టింది. పద్నాలుగో రాత్రి పటకారు నుంచే అందుకుంది. ఇప్పుడు నేను సాయంత్రం కుర్చీ జరిపిన చప్పుడుకే ఇసుక కదులుతుంది.